చుక్కాని పట్టిన ఆడవాళ్ళు

మధ్యాహ్నం భోజనాలయి, వంటిల్లు సర్దుకుని మీరంతా కాస్త నడుం వాల్చే వేళ యిది. యీ పూట నేను ఊరగాయల గురించి గాని, పిల్లల దగ్గుల గురించి గాని చెప్పబోవడం లేదు. పడవల గురించి చెబుతాను. పడవలతో మనకేం పని అంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

తెనాలిలో మా తమ్ముడి మనవరాలు పదో తరగతి చదువుతోంది. మొన్న సంక్రాంతికి అందరం చేరినప్పుడు, పెద్దయ్యాక ఏమవుతావే అని ఎవరో అడిగారు. డాక్టరో, కంప్యూటరో అంటుందనుకున్నాం. “యాట్ కెప్టెన్ అవుతాను” అంది. యింట్లో నిశ్శబ్దం. వాళ్ళ నాయనమ్మ, అంటే మా మరదలు, రేపల్లె దగ్గర పుట్టిన మనిషి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన కళ్ళు ఆవిడవి. “సముద్రం మాట నా యింట్లో ఎత్తకు” అని అక్కడినించి లేచి వెళ్ళిపోయింది. పిల్ల నా దగ్గర కొచ్చి, “నాయనమ్మా, ఆడవాళ్ళు ఓడ నడపకూడదా?” అని అడిగింది. ఆ క్షణాన నాకు జవాబు తెలియలేదు. తెలుసుకుని చెబుతానన్నాను. తెలుసుకున్నదే మీకూ చెబుతున్నాను.

యాట్ అంటే సరదాకో, పందేలకో, దూరప్రయాణానికో వాడే పడవ. యివాళ యింజను యాట్లూ వున్నాయి గాని, అసలైనది తెరచాపదే. ఆ మాట డచ్చివారిది. వేట అనే అర్థం వున్న మాట నుంచి వచ్చిందట, దొంగల్ని వెంటాడే వడిగల పడవ అని. ఆ డచ్చివారు 1606లోనే మన నిజాంపట్నంలో వర్తకపు కొఠీ పెట్టారు. అప్పట్లో దాన్ని పెటపోలి అనేవారు. చిరివేరుతో ఎర్రరంగు అద్దిన బట్టల కోసం వచ్చేవారు. 1611లో ఇంగ్లీషువారూ దిగారు. అంచేత మన రేవుకి తెరచాప కొత్తేమీ కాదు.

యిక కెప్టెన్. మనవైపు చిన్న పడవలకూ లాంచీలకూ సరంగు అంటాం. పెనుమూడి రేవులో వంతెన లేని రోజుల్లో కృష్ణ దాటి పులిగడ్డ వెళ్ళాలంటే సరంగు దయ మీద వుండేది. లంకల్లో మాత్రం ఆడవాళ్ళు గెడ వేసి దోనె నడపటం నా చిన్నతనంలో నేనే చూశాను. గడ్డిమోపులూ, పాలబిందెలూ వేసుకుని, చంకలో పిల్లనెత్తుకుని దాటేవారు. వాళ్ళని ఎవరూ సరంగు అనలేదు. జీతం తీసుకుని తొడుక్కునే టోపీ వుంటేనే సరంగు కాబోలు!

తెరచాప పడవ నడపటానికి కండబలం కావాలని మనలో చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. తాళ్ళు బిగించటానికి పళ్ళచక్రాల వించీలుంటాయి, నూతి గిలక మనకి నీళ్ళు తోడటంలో సాయం చేసినట్టు. కెప్టెన్ కి కావలసింది గాలి చదవటం. గాలి వెనకనుంచి వస్తే పడవ దానంతటదే పోతుంది. ఎదురుగాలి వస్తేనో? సూటిగా పోలేదు. అందుకని కొంతదూరం కుడివైపు ఏటవాలుగా, మళ్ళీ కొంతదూరం ఎడమవైపు ఏటవాలుగా మెలికలు తిప్పుకుంటూ ఎదురుగాలిలోకే ముందుకు తీసుకుపోతారు. ఎత్తయిన వంతెన మీదికి సైకిలు తొక్కే కుర్రాడు అటూ యిటూ వంకర్లు తిప్పుకుంటూ ఎక్కుతాడు చూడండి, అలాగన్నమాట. మరి గాలికి పడవ వొరిగిపోదా? వొరుగుతుంది. దాని అడుగున బరువైన లోహపు దిమ్మ వుంటుంది. తంజావూరు బొమ్మలాగ మళ్ళీ లేచి నిలబడుతుంది.

యిలాంటి పడవలో భూమి చుట్టి వచ్చిన మన ఆడపిల్లలున్నారు. ఆ పడవ పేరు తారిణి. గోవాలో కట్టారు. 2017 ఫిబ్రవరిలో నావికాదళంలో చేరింది. పొడవు 56 అడుగులు. అంటే మన వూళ్ళో ఓ మాదిరి పెంకుటిల్లంత. అందులో ఆరుగురు. కెప్టెన్ వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జమ్వాల్, పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. ఆరుగురిలో యిద్దరు మనవాళ్ళే.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరారు. అప్పటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ జెండా వూపి పంపారు. ఆవిడ నరసాపురం కోడలని మనకి తెలిసిందే. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్లండ్ దీవులు, కేప్ టౌను తాకి, చివర్లో చుక్కాని తిప్పే యంత్రానికి జబ్బు చేస్తే అనుకోకుండా మారిషస్ లో ఆగి, 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. 254 రోజులు. నడిచిన దూరం సుమారు 21,600 సముద్రపు మైళ్ళు.

ఆ లెక్కలో వొక చమత్కారం వుంది. భూగోళం చుట్టుకొలత 360 డిగ్రీలు. డిగ్రీకి 60 నిమిషాలు. వొక నిమిషం పొడవే వొక సముద్రపు మైలు. 360ని 60తో గుణించండి, 21,600 వస్తుంది. అంతకు తక్కువ నడిస్తే భూమి చుట్టినట్టు వొప్పుకోరు. భూమధ్యరేఖ రెండుసార్లు దాటాలి, లూవిన్, హారన్, గుడ్ హోప్ అనే మూడు అగ్రాలూ వీళ్ళు చుట్టి వచ్చారు. వీటిలో దక్షిణ అమెరికా కొసనున్న హారన్ అంటే నావికులకి గుండెదడ. దక్షిణ సముద్రంలో గాలికి అడ్డుపడే నేల లేదు. గంటకి నూరు కిలోమీటర్లు దాటిన గాలి, మేడంత కెరటాలు. అక్కడ చలిలో పిల్లలు వంతులవారీగా చుక్కాని పట్టారు. వొకరు నిద్రపోతుంటే యింకొకరు కాపలా, పురిటి గదిలో మనం వంతులేసుకున్నట్టు.

వుత్తినే పంపేయలేదు లెండి. తెరచాప మీద వొంటరిగా భూమి చుట్టిన మొదటి భారతీయుడు దిలీప్ దొండే వాళ్ళకి గురువు. 2016లో విశాఖపట్నంలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు మ్హదేయి అనే పడవ మీద గోవా నుంచి విశాఖ దాకా తామే నడుపుకొచ్చారు. తర్వాత మారిషస్, ఆ తర్వాత కేప్ టౌను. మెట్టుమెట్టుగా ఎక్కారు. అదే తారిణి మీద 2024 అక్టోబరు 2న యిద్దరే, దిల్నా, రూపా అనే నావికాధికారిణులు, గోవానుంచి బయలుదేరి 2025 మే 29న తిరిగి వచ్చారు. ఆరుగురి పని యిద్దరు చేశారు.

బయటి దేశాల్లో యిది ముందే మొదలయింది. 1978లో పోలెండు ఆవిడ క్రిస్టీనా హోయ్‌నోవ్స్కా లిస్కేవిచ్ వొంటరిగా భూమి చుట్టి వచ్చింది. ఆవిడ ఓడలు కట్టే యింజనీరు. అదే యేడు నేవోమీ జేమ్స్ కేప్ హారన్ మీదుగా చుట్టి వచ్చింది. 2023లో గోల్డెన్ గ్లోబ్ పందెం గెలిచింది దక్షిణాఫ్రికా స్త్రీ కర్‌స్టన్ నోయ్‌షాఫర్. ఆ పందెంలో రెండోస్థానం మన అభిలాష్ టామీది. పద్ధెనిమిదో శతాబ్దంలో జాన్ బారే అనే ఫ్రెంచి స్త్రీ ఓడెక్కటానికి మగవేషం వేసుకోవలసి వచ్చింది. యిప్పుడు వేషం అక్కర్లేదు గాని, 2021 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో ఓడల మీద పనిచేసే అర్హతపత్రం వున్నవారిలో స్త్రీలు నూటికి యిద్దరు కూడా లేరు.

యివన్నీ మా మరదలికి చెప్పాను. “ఎవరో దేశాల వాళ్ళు, దొరల సరదాలు” అని కొట్టిపారేసింది. అప్పుడు యింకో సంగతి చెప్పాను.

2015 జూన్. కాకినాడ జాలరులు ఏడుగురు దుర్గమ్మ అనే పడవలో సముద్రం మీద చిక్కుకున్నారు. యింజను చెడింది, లంగరు తెగిపోయింది. వాయుగుండం. తిండీ నీళ్ళూ కెరటాలకి కొట్టుకుపోయాయి. చేపల కోసం పెట్టుకున్న మంచుగడ్డ చప్పరిస్తూ ప్రాణం నిలుపుకున్నారు. పదిహేనేళ్ళ కుర్రాడి నుంచి యాభై యేళ్ళవాడి దాకా వున్నారు వాళ్ళలో. నిజాంపట్నం, సూర్యలంక రేవుల్లో వుండే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. పడవ రావలసిన రోజుకి రాకపోతే ఆ గడప ఎలా వుంటుందో వాళ్ళకే తెలుసు.

జూన్ 22న ఒరిస్సా గోపాల్‌పూర్ తీరాన సంపూర్ణ స్వరాజ్య అనే చమురు ఓడ వాళ్ళని చూసింది. ఆ ఓడ కెప్టెన్ రాధికా మేనోన్. కేరళ కొడుంగల్లూరు అమ్మాయి. 1991లో రేడియో ఆఫీసరుగా చేరి, పరీక్షలు వొక్కొక్కటే కట్టి, 2012లో ఓడకి కెప్టెనయింది. మన వర్తక నౌకల్లో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ. (రేడియోలో మాట్లాడుతున్నాను గనక ఆ రేడియో మాట కాస్త గట్టిగా చెప్పుకోనివ్వండి!)

పెద్ద ఓడ చిన్న పడవని కాపాడటం మనమనుకున్నంత తేలిక కాదు. దగ్గరికి వస్తే వుక్కుగోడకి కొట్టుకుని పడవ నుగ్గయిపోతుంది. దూరంగా వుంటే తాడు అందదు. బ్రేకు వేస్తే ఆగే బండి కాదది. గాలికి అడ్డంగా ఓడని నిలబెట్టి, అవతలి పక్కన కాస్త మెత్తబడిన నీళ్ళలోకి పడవ వచ్చేలా చూసుకోవాలి. రెండుసార్లు ప్రయత్నం తప్పిపోయింది. మూడోసారి అందింది. తాళ్ళనిచ్చెన మీదుగా ఏడుగురూ పైకి చేరారు. వెళ్ళిపోదామని ఆవిడ అనుకుని వుంటే అడిగేవాడెవడూ లేడు ఆ నడిసముద్రంలో. 2016లో లండన్ లో అంతర్జాతీయ సముద్రసంస్థ ఆవిడకి సాహస పురస్కారం యిచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

మా మరదలు చాలాసేపు మాట్లాడలేదు. “ఆ పదిహేనేళ్ళ పిల్లాడు యిల్లు చేరాడా?” అని అడిగింది. చేరాడన్నాను.

యిక దారి సంగతి. ఇంటరులో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ తీసుకోవాలి. ఆ మూడింట్లో సగటున 60 మార్కులు, ఇంగ్లీషులో 50 రావాలి. సముద్ర విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్ష రాయాలి. వొక యేడు చదువు, తర్వాత పద్ధెనిమిది నెలలు ఓడ మీద కేడెట్టుగా పని. ఆపైన సెకండ్ మేట్, చీఫ్ మేట్, మాస్టరు అని పరీక్షలు. కంటిచూపు, రంగులు గుర్తుపట్టటం ముఖ్యం. నావికాదళంలో 1992 నుంచి స్త్రీలని అధికారులుగా తీసుకుంటున్నారు, అది యింకో దారి. వుత్త తెరచాప నేర్చుకోవాలంటే హైదరాబాదు హుస్సేన్ సాగర్ వుండనే వుంది. జీతం బాగానే వుంటుంది గాని, నెలల తరబడి యిల్లు కనపడదు. పెళ్ళి, పురుడు వచ్చేసరికి చాలామంది గట్టుమీద వుద్యోగం చూసుకుంటారు. ఆ సంగతి దాచకుండా మా పిల్లకి చెప్పాను.

వచ్చే యేడు ఎం.పి.సి.లో చేరుతుందట. వాళ్ళ నాయనమ్మ యింకా వొప్పుకోలేదు. “ముందు దానికి ఈత రానీ, కాలవకి నీళ్ళు వదలనీ, అప్పుడు చూద్దాం” అంది.