తుపాకీ చేయి జారి పడిందా? మళ్లీ తూటా పెట్టే ముందు ఇవి చూడాల్సిందే

బ్యాంకు గేటు దగ్గర గోడకు ఆనించిన తుపాకీ జారి గ్రానైట్ నేల మీద పడుతుంది. పేలలేదు కాబట్టి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గార్డు దాన్ని తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే ఆనిస్తాడు. ఆత్మరక్షణకో పంట రక్షణకో లైసెన్సు తీసుకున్నవాళ్ల ఇళ్లలోనూ ఇలా జరగొచ్చు. కానీ పడినప్పుడు పేలలేదంటే తుపాకీ బాగున్నట్టు కాదు.

‘సేఫ్టీ పెట్టే ఉందిగా’ అంటారు చాలామంది. గార్డుల చేతుల్లో ఎక్కువగా కనిపించే 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీల్లో చాలావాటికి సేఫ్టీ అడ్డుకునేది ట్రిగ్గర్‌ను మాత్రమే. లోపల ఉండే సుత్తిని కాదు. సుత్తి బయటికి కనిపించని రకాల్లో తుపాకీని తెరిచి మూసిన ప్రతిసారీ ఆ సుత్తి దెబ్బకు సిద్ధంగా బిగుసుకుని ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది సియర్ అనే చిన్న కొక్కెం. గట్టిగా అదిరినప్పుడు ఆ కొక్కెం జారితే, ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టుకోకుండానే తుపాకీ పేలొచ్చు. ఈసారి జారకపోయినా కొక్కెం అంచు కాస్త చిట్లి ఉంటే, తర్వాతిసారి చిన్న కుదుపే చాలు. బయటి నుంచి చూస్తే మాత్రం గీత కూడా కనిపించదు.

పడిన వెంటనే ఏం చేయాలి?

పడుతున్న తుపాకీని గాల్లో పట్టుకోబోవద్దు. కంగారులో వేలు నేరుగా ట్రిగ్గర్ మీదకే వెళ్లే ప్రమాదం ఉంది. కింద పడ్డాక, గొట్టం మనుషుల వైపు లేకుండా, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి తీయాలి. తూటాలు బయటికి తీసేసి, గది ఖాళీగా ఉందో లేదో కంటితో, వేలితో రెండుసార్లు చూసుకోవాలి. మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే. నేల మీద పడి సొట్టపోయిన తూటా ఉంటే పక్కన పెట్టేయాలి.

ముందుగా చూడాల్సింది బ్యారెల్. మూతి మట్టిలోకి దిగి ఉంటే లోపల మన్ను ఇరుక్కుంటుంది. అలాగే పేలిస్తే బ్యారెల్ ఉబ్బి పగిలిపోవచ్చు, అప్పుడు గాయపడేది కాల్చినవాడే. 12 బోర్ బ్యారెల్ గోడలు రైఫిల్ కంటే పలుచన కాబట్టి సొట్ట తేలిగ్గా పడుతుంది. తుపాకీ తెరిచి వెనక వైపు నుంచి వెలుతురుకు పెట్టి చూడండి. లోపల గుండ్రంగా కనిపించాల్సిన వెలుగు ఎక్కడైనా వంకర తిరిగితే సొట్ట ఉన్నట్టే. ఇంట్లో కడ్డీ పెట్టి కొట్టి సరిచేయబోవద్దు. చెక్క బట్ విషయానికొస్తే, చేత్తో పట్టుకునే సన్నటి భాగంలో వెంట్రుకంత పగులు ఉందేమో గోటితో తడిమి చూడాలి.

రైఫిళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 లాంటి బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను శుభ్రం చేసేటప్పుడు బోల్ట్‌ను విడిగా తీస్తారు. ఎక్కువగా నేల పాలయ్యేది ఆ ముక్కే. తూటా వెనక భాగానికి ఆనుకుని పేలుడు ఒత్తిడిని తట్టుకునేది బోల్టే. దాని ముఖం మీద గాటు పడిందా, ఖాళీ తొడుగును లాగే చిన్న కొక్కెం వంగిందా, ఫైరింగ్ పిన్ మొన గుండ్రంగానే ఉందా అన్నది భూతద్దంతో చూడాలి. మొన విరిగి పదునుదేలితే తూటా వెనక ఉన్న క్యాప్‌ను చీల్చేస్తుంది. వేడి వాయువు కాల్చేవాడి కంటి వైపే తన్నుకొస్తుంది. బోల్ట్ పాడైందని అదే మోడల్ పక్క రైఫిల్‌ది తెచ్చి తొడిగేయడం అంతకంటే ప్రమాదం. బోల్ట్‌కూ తూటా గదికీ మధ్య ఉండాల్సిన సందు ప్రతి రైఫిల్‌కూ విడిగా సరిచూసి అమరుస్తారు. సైటు కదిలితే మాత్రం గురి తప్పుతుందంతే. రేంజిలో సరిచేసుకోవచ్చు.

కంటికి ఏ లోపం కనిపించకపోయినా తుపాకీని నిపుణుడికి చూపించాల్సిందే. సియర్, స్ప్రింగ్ లాంటివి విప్పితే గానీ తెలియవు. పొలం గట్టు మీదో డాబా మీదో ‘ఒక రౌండు కాల్చి చూద్దాం’ అనుకోవద్దు. 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా తుపాకీ వాడితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఎవరికి చూపించాలి?

పోలీసు సిబ్బందికైతే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఆర్మరర్ ఉంటారు. వాళ్లకు చెప్పి ఆయుధం అప్పగిస్తే సరిపోతుంది. ప్రైవేటు లైసెన్సుదారులు మాత్రం మరమ్మతు లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గరికే వెళ్లాలి. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ మరమ్మతుకూ లైసెన్సు తప్పనిసరి. పనితనం ఎంత ఉన్నా వీధి చివర వెల్డింగ్ షాపతనికి ఇస్తే ఇద్దరూ చిక్కుల్లో పడతారు. విడి భాగాలనూ ఈ చట్టం ‘ఫైర్‌ఆర్మ్’ కిందే లెక్కిస్తుంది కాబట్టి, ‘బోల్ట్ ఒక్కటే ఇచ్చాను’ అన్న వాదన నిలబడదు.

లైసెన్సుదారు పెద్దవయసులో ఉండి షాపుకు వెళ్లలేకపోతే? సెక్షన్ 3లోనే వెసులుబాటు ఉంది. లైసెన్సుదారు రాతపూర్వక అనుమతితో మరొకరు మరమ్మతు కోసం ఆయుధాన్ని తీసుకెళ్లొచ్చు. ఆ కాగితంలో లైసెన్సు నంబరు, తుపాకీ నంబరు, తీసుకెళ్లే వ్యక్తి పేరు, డీలర్ పేరు, తేదీ రాసి సంతకం చేయడం మంచిది. తూటాలు ఇంట్లోనే ఉంచి, తుపాకీని కవర్లో పెట్టి పంపాలి. డీలర్ దగ్గర రసీదు తీసుకోవాలి.

చేయి జారడం నేరమేమీ కాదు. అయినా గార్డులు పైకి చెప్పరు. సొంత లైసెన్సు తుపాకీతో డ్యూటీ చేసే మాజీ సైనికులు చాలామంది ఉన్నారు, మరమ్మతు ఖర్చు వాళ్ల జేబు మీదే పడుతుంది. తుపాకీ షాపులో ఉన్నన్నాళ్లూ డ్యూటీ ఉంటుందో లేదోనన్న బెంగ ఒకటి. ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఆ ఖర్చు ఎవరిదో, ఆ రోజుల జీతం సంగతేంటో బ్రాంచి మేనేజర్లు అందులో చేర్పించాలి. తుపాకీ పడినా, తగిలినా రాయడానికి గేటు దగ్గర రిజిస్టర్‌లో ఒక గడి పెట్టించాలి.