ఉచిత ఇంటర్నెట్టా? డబ్బు కట్టే ఇంటర్నెట్టా? ఒమాన్ లో మనవాళ్ళకు ఏది లాభం?



మస్కట్ లో మనవాళ్ళు ఎక్కడ కలిసినా రెండు ప్రశ్నలు తప్పవు. "ఈ రోజు రేటెంత?" అనేది మొదటిది. "మీ రూములో ఏ ఇంటర్నెట్? నెలకెంత?" అనేది రెండోది. రేటు సంగతి ఎక్స్ఛేంజి వాళ్ళు బోర్డు మీదే రాస్తారు. రెండో ప్రశ్నకు మాత్రం రువీలో ఒక జవాబు, ఘలాలో ఒక జవాబు, సోహార్ లో ఇంకో జవాబు వస్తాయి. "మా క్యాంపులో ఫ్రీ వైఫై ఉంది, ఇంకెందుకు దండగ" అని ఒకరంటే, "నేను డబ్బు కట్టి హాయిగా ఉన్నాను" అని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరికి ఏది సరిపోతుందో నాకు తెలిసినంతలో వివరిస్తాను.

ముందు కాస్త చరిత్ర

ఒమాన్ లో ఇంటర్నెట్ 1997 లో మొదలైంది. అప్పటి ప్రభుత్వ టెలికం సంస్థే 1999 లో ఒమాన్ టెల్ గా మారింది. 2002 లో టెలికం చట్టం వచ్చి, టీఆర్ఏ అనే నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2005 లో నవ్రాస్ మొబైల్ రంగంలోకి దిగింది. అదే 2014 లో ఊరిడూ అని పేరు మార్చుకుంది. 2009 లో ఫ్రెండి, రెన్నా అనే ప్రీపెయిడ్ సేవలు వచ్చాయి. 2022 ప్రారంభం నాటికి వొడాఫోన్ కూడా తోడయింది. ఒక్క కంపెనీ ఉన్నప్పుడు ఎంచుకునే బాధ లేదు, ఇచ్చింది పుచ్చుకోవడమే! ఇప్పుడు పోటీ ఉంది కాబట్టి "ఉచితం" అనే మాట ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తుంది.

ఈ ఉచితం కొత్తదేమీ కాదు. 1998 లో ఇంగ్లండులో ఫ్రీసర్వ్ అనే సంస్థ నెలచందా లేకుండా ఇంటర్నెట్ ఇచ్చింది. అప్పట్లో ఇంటర్నెట్ కు ఫోను లైను మీదే వెళ్ళాలి కదా, ఆ ఫోను బిల్లులో వాటా తీసుకుని బ్రతికింది. అదే ఏడాది అమెరికాలో నెట్ జీరో ప్రకటనలు చూపిస్తూ ఉచితంగా ఇచ్చింది. చివరికి 2001 లో ఆ ఉచితాన్ని నెలకు 10 గంటలకు కుదించింది. మన దేశంలోనూ 2000 ప్రాంతంలో కాల్ టైగర్ ఉచిత ఇంటర్నెట్ తో వచ్చి, ఎక్కువ కాలం నిలవలేకపోయింది. ఇక జియో సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2016 సెప్టెంబర్ 5 న ఉచితంగా మొదలై, 2017 మార్చి 31 దాకా సాగి, ఆ తరువాత డబ్బు కట్టే ప్లాన్లలోకి మళ్ళింది.

వీటన్నిటి సారం ఒక్కటే. ఉచితానికి ఖర్చు ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు భరిస్తారు. ప్రకటనలిచ్చేవాడా, యజమానా, లేక ఆరు నెలల తరువాత మనమేనా అన్నదే ప్రశ్న.

ఒమాన్ లో ఉచితం ఎన్ని రకాలు?

మొదటిది, కంపెనీ క్యాంపులోనో విల్లాలోనో ఇచ్చే వైఫై. దీని ఖర్చు యజమానిది. రెండవది మాల్, హోటల్, ఎయిర్ పోర్టు వైఫై. మూడవది, ఫోను ప్యాక్ లో కొన్ని యాప్ లకు మాత్రం ఇచ్చే ఉచిత డేటా. నాలుగవది, ఇంటి కనెక్షన్ తో వచ్చే "రెండు నెలలు ఉచితం, రూటర్ ఉచితం" అనే బేరం. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టకూడదు.

క్యాంపు వైఫై లెక్క చూద్దాం. ఒక కనెక్షన్ వేగం 50 ఎంబీపీఎస్ అనుకోండి. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ 60 మంది ఒకేసారి వాడితే మనిషికి ఒక ఎంబీపీఎస్ కూడా రాదు. వీడియో కాల్ లో ముఖం స్పష్టంగా కనిపించాలంటే దాదాపు అంత వేగం కావాలి. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 మెగాబైట్లు మాత్రమే దిగుతాయి.

దీనికి తోడు టైము తేడా ఒకటి. మనకంటే ఇండియా గంటన్నర ముందు. డ్యూటీ దిగి, స్నానం చేసి, వంట చేసుకుని ఫోను పట్టుకునేసరికి ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ తొమ్మిదిన్నర. ఇంకో గంట పోతే పిల్లలు నిద్రపోతారు. క్యాంపులో అందరిదీ అదే తొందర, వైఫై నత్తనడక నడిచేదీ ఆ గంటలోనే. ఘలాలో ఉండే మా పరిచయస్తుడొకాయన, "వైఫై ఫ్రీయేనండీ, కానీ మా పాప ముఖం ఎప్పుడూ బొమ్మలా ఆగిపోయే ఉంటుంది" అన్నారు. ఆ మాట విన్నాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

సొంత ప్యాక్ ఎంత కావాలి?

వీడియో కాల్ కు గంటకు సుమారు అర జీబీ వేసుకోండి. స్పష్టత పెరిగితే ఇంకా ఎక్కువ అవుతుంది. రోజుకు ఒక గంట మాట్లాడితే వారానికి మూడున్నర జీబీ, నెలకు 15 జీబీ. అందుకని 3 జీబీ వారం ప్యాక్ తీసుకుంటే ఆరో రోజు రాత్రే అయిపోతుంది. సినిమాలు క్యాంపు వైఫై మీద, ఇంటి కాల్ సొంత డేటా మీద పెట్టుకుంటే చిన్న నెలవారీ ప్యాక్ తోనే గడిచిపోతుంది.

యాప్ ల ఉచిత డేటా విషయంలో ఒక్క మాట. ఆ యాప్ లో మెసేజీలకు, ఫొటోలకు ఉచితమైతే కాల్స్ కు కూడా ఉచితమేనని అనుకోవద్దు. అసలు ఒమాన్ లో ఇంటర్నెట్ కాల్స్ మీద చాలా ఏళ్ళు ఆంక్షలున్నాయి. 2020 లో కోవిడ్ సమయంలో జూమ్, గూగుల్ మీట్ లాంటి వాటికి అనుమతి వచ్చింది. కాబట్టి మీ ఇంటివాళ్ళతో ఏ యాప్ లో మాట్లాడతారో, అది ఆ ప్యాక్ మీద పనిచేస్తుందో లేదో అడిగి కొనండి.

"రెండు నెలలు ఉచితం" బేరం

ఇంటి కనెక్షన్ తీసుకునే కుటుంబాలకు ఇది ముఖ్యం. ఈ కింది అంకెలు ఏ కంపెనీవీ కావు, లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

మొదటి ప్లాన్: కాంట్రాక్టు లేదు, నెలకు 25 రియాళ్ళు, రూటర్ మనమే 30 రియాళ్ళకు కొనుక్కోవాలి.
రెండో ప్లాన్: 24 నెలల కాంట్రాక్టు, నెలకు 28 రియాళ్ళు, రెండు నెలలు ఉచితం, రూటర్ ఉచితం, మధ్యలో మానేస్తే 100 రియాళ్ళ జరిమానా.

పూర్తిగా 24 నెలలు ఉంటే మొదటిదానికి 600 కు 30 కలిపి 630 రియాళ్ళు. రెండోదానికి 22 నెలలకు 616. అంటే "ఉచితం" ప్లాన్ తో 14 రియాళ్ళు మిగులు. మరి పదో నెలలో ఉద్యోగం పోయో, మారో ఇండియా వెళ్ళిపోవాల్సి వస్తే? మొదటిదానికి 250 కు 30 కలిపి 280. రెండోదానికి ఎనిమిది నెలలకు 224, జరిమానా 100, మొత్తం 324. అంటే 44 రియాళ్ళు నష్టం.

అందువల్ల కనెక్షన్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు మీ రెసిడెంట్ కార్డు గడువు, ఉద్యోగ కాంట్రాక్టు గడువు చూసుకోండి. ఉద్యోగం ఇంకా పది నెలలే ఉంటే ఇరవై నాలుగు నెలల ఇంటర్నెట్ మనకెందుకు? బాకీ వదిలేసి విమానం ఎక్కేద్దామనే ఆలోచన అసలు వద్దు. మళ్ళీ ఈ దేశానికే రావలసిన వాళ్ళం, బిల్లు కట్టి, కనెక్షన్ మూసినట్లు కాగితం తీసుకోవాలి.

ప్రకటనలో రాసిన ధర మీద 5 శాతం వ్యాట్ ఉందో లేదో కూడా అడగండి. 2021 ఏప్రిల్ నుంచి ఇది అమలులో ఉంది. 25 రియాళ్ళు కాస్తా 26 రియాళ్ళ 250 బైసాలవుతుంది. "అన్ లిమిటెడ్" అన్నచోట, ఎన్ని జీబీలు దాటాక వేగం తగ్గిస్తారో చిన్న అక్షరాలలో వెతకండి.

నలుగురు బ్యాచిలర్లు కలిసి ఒక కనెక్షన్ తీసుకుంటే మనిషికి సుమారు ఆరున్నర రియాళ్ళు పడుతుంది, మంచి పద్ధతే. కానీ కనెక్షన్ ఎవరి పేరున ఉంటే బాధ్యత వారిదే. ఒకరు రూము మారినా బిల్లు ఆగదు, అందుకని డబ్బు ముందే వసూలు చేసుకోవడం స్నేహానికీ మంచిది!

డబ్బు పంపేటప్పుడు మాత్రం ఉచితం వద్దు

మాల్ వైఫై మీద వార్తలు చదవండి, పాటలు వినండి. బ్యాంకు యాప్ మాత్రం సొంత డేటా మీదే తెరవండి. అసలు పేరును పోలిన పేరుతో దొంగ వైఫై పెట్టడం కష్టమైన పనేమీ కాదు. పాస్ వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగే నకిలీ పేజీలో మనం నింపామంటే నెల జీతం ఊడ్చుకుపోతుంది.

ఇంకొక ముఖ్య విషయం. 2023 జనవరిలో ఎన్ పీ సీ ఐ పది దేశాల ఫోను నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ వాడుకోవడానికి అనుమతించింది. అందులో ఒమాన్ కూడా ఉంది. మీ బ్యాంకు ఈ సౌకర్యం ఇస్తుంటే, మీ ఒమాన్ నంబరే మీ ఇంటి తాళంచెవి అన్నమాట. వైఫై ఉచితమని సిమ్ రీచార్జి మానేస్తే, గడువు దాటాక నంబరు రద్దవుతుంది. వైఫై ఎంత ఉన్నా ఓటీపీ రాదు. ఇండియా సిమ్ కు ఓటీపీ వచ్చే వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

మరి ఏది లాభం?

ఒంటరిగా క్యాంపులో ఉండేవారికి: ఉచిత వైఫై వాడుకుంటూనే చిన్న ప్రీపెయిడ్ ప్యాక్ పెట్టుకోవడం.
రూము పంచుకునే వారికి: కాంట్రాక్టు లేని కనెక్షన్.
కుటుంబంతో, స్థిరమైన ఉద్యోగంతో ఉన్నవారికి: లెక్క కుదిరితే ఉచిత నెలల కాంట్రాక్టు.

బిల్లులో తేడా వస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. అక్కడ పని జరగకపోతే టీఆర్ఏ కు వెళ్ళవచ్చు. ఆ ఫిర్యాదు నంబరు లేకుండా మాత్రం వెళ్ళవద్దు.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మనం ఇంత దూరం వచ్చింది నాలుగు రాళ్ళు మిగుల్చుకోవడానికే, కాదనను. అయితే ఆ మిగుల్చుకునేది ఎవరి కోసమో, వాళ్ళతో రోజుకో గంట సరిగ్గా మాట్లాడుకోవడానికి నెలకు రెండు మూడు రియాళ్ళు ఖర్చయితే దాన్ని దండగ అనకండి.