క్యాన్సర్ లక్షిత ఔషధాల అన్వేషణలో కృత్రిమ మేధ

క్యాన్సర్ కణాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్‌ను గుర్తించి, దాని పనిని నిరోధించే మందులను లక్షిత ఔషధాలు అంటారు. ఒక రకం రక్త క్యాన్సర్‌కు 2001లో అమెరికాలో ఆమోదం పొందిన ఇమాటినిబ్ ఇందుకు ఉదాహరణ.

ఇటువంటి మందు రూపకల్పనకు ప్రోటీన్ ఆకృతి తెలియడం ఎంతో ఉపకరిస్తుంది. ప్రయోగశాలలో దానిని నిర్ధారించుటకు ఒక్కొక్కసారి సంవత్సరాలు పడుతుంది. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ ఆ ఆకృతిని కంప్యూటర్ ద్వారా అంచనా వేస్తుంది.

ఈ అంచనా ఆధారంగా టొరంటో విశ్వవిద్యాలయం, ఇన్‌సిలికో మెడిసిన్ సంస్థల పరిశోధకులు కాలేయ క్యాన్సర్‌కు సంబంధించిన సీడీకే20 ప్రోటీన్‌పై పరిశోధన జరిపారు. కేవలం 7 సమ్మేళనాలు తయారుచేసి, 30 రోజులలోపే దానికి అతుక్కొనే తొలి అణువును కనుగొన్నారు. ఈ ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి.

అయితే అణువు లభించినంత మాత్రాన మందు సిద్ధమైనట్లు కాదు. విషప్రభావ పరీక్షలు, దశలవారీ క్లినికల్ పరీక్షలు యథావిధిగా జరుగవలసిందే. కృత్రిమ మేధ అన్వేషణ కాలాన్ని తగ్గించగలదు; రోగి భద్రతకు అవసరమైన పరీక్షలకు ప్రత్యామ్నాయం కాజాలదు.