పెరటి తంగేడు

పెరట్లో తంగేడు వేస్తానంటే మా ఆవిడ ఫక్కున నవ్వింది. "బాట పక్కన అడిగే దిక్కు లేక పూసే పూవును తెచ్చి పెంచుతారా!" అన్నది. నవ్వదా మరి? ఆ వేసవిలోనే బావి అడుగంటి, ట్యాంకరు నీళ్ళు కొని పోసినా మా గులాబీలన్నీ ఎండిపోయాయి.

నా పట్టుదలకు కారణం మా అమ్మ. పల్లె విడిచి హనుమకొండలో మా దగ్గరకు వచ్చినప్పటినుంచి బతుకమ్మకు పూలు కొనవలసి రావడం ఆమెకు చిన్నతనంగా ఉండేది. "పైసలిచ్చి తంగేడు కొనుడేంది బిడ్డా!" అని ఏటా నొచ్చుకునేది. గునుగూ తంగేడూ లేనిదే బతుకమ్మ ఏది? 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది గాని, బీళ్ళు ప్లాట్లయిన చోట అది పూసేదెక్కడ?

మొదట బీడులోనుంచి ఒక మొక్కను పెళ్ళగించి తెచ్చాను. వారానికే వాడిపోయింది. తల్లివేరు లోతుకు దిగే జాతి. వేరు తెగితే నిలవడం కష్టం. మరుసటి ఏడు ఎండుకాయలు ఏరి తెచ్చాను. గింజ పెంకు గట్టిది. గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా నానవేసి, తొలకరికి మొక్క ఉండవలసిన చోటనే నాటాలి. ఎండ బాగా తగలాలి, నీరు నిలవరాదు. నాలుగు మొలిచాయి. గులాబీల అలవాటుకొద్దీ రెండు పూటలా నీళ్ళు పోశాను. మూడు కుళ్ళిపోయాయి.

"దానికి ఎండ కొత్తగాదు బిడ్డా, నీ నీళ్ళే కొత్త" అన్నది అమ్మ.

మిగిలిన ఒక్కటీ వేళ్ళూనుకున్నాక, నడివేసవిలో కూడా చెంబెడు నీళ్ళు అడగలేదు. మూడో ఏటికి ఛాతీ ఎత్తు పెరిగి పచ్చగా విరగబూసింది. పూత కాగానే కొమ్మలు కత్తిరిస్తే మళ్ళీ గుబురుగా వస్తుంది.

ఒక ముచ్చట చెప్పాలి. తంగేడు పుప్పొడి కేసరాల కొనలనున్న సన్నని రంధ్రాల లోపల దాగి ఉంటుంది. తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని ఒళ్ళు అదరగొడితేనే రాలుతుంది. ఆ ఝుంకారాన్ని ఇన్నేళ్ళూ క్లాసులో శృంగారంగా వర్ణించాను. తీరా చూస్తే అది పొట్టకూటి పాట!

మొన్నటి బతుకమ్మకు అమ్మ స్వయంగా కొమ్మ వంచి పూలు కోసింది. సగం కోసి ఆగిపోయింది.

"అన్నీ కోయమ్మా, మనవే గదా" అన్నాను.

"అన్నీ కోస్తే గింజలెట్ల అయితయి? పక్కింటోళ్ళకు ఇయ్యద్దా?" అన్నది.

మా ఆవిడ అప్పుడే గేటు పక్కన మరో గుంతకు చోటు చూస్తున్నది.