నల్లని చింతపండు - తెల్లని ఆమ్లము

చింతపండుకు హిందూపురం పేరున్న మార్కెట్టు. మాది పెనుకొండ దగ్గర పల్లె. కిందటేడు మా చింతపండు నిలవుండి నల్లబడిందని ఒక వ్యాపారి సగం ధరే కట్టినాడు. రంగు చెడింది సరే, పులుపు పోయిందా?

లేదు, చాలావరకు ఉంది. ఆ పులుపుకు మూలం టార్టారిక్ ఆమ్లము. 1769లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు షీలే దీనిని వేరుచేశాడు. వడగట్టిన చింతపండు రసంలో సున్నం కలిపితే కాల్షియం టార్టరేటు అడుగున చేరుతుంది. దానికి గంధకామ్లము చేర్చితే జిప్సం విడిపోయి టార్టారిక్ ఆమ్లము నీటిలో మిగులుతుంది. కానీ గోధుమరంగులో!

ఇక్కడే ఉత్తేజిత బొగ్గు అవసరం. ధర్మవరంలో పట్టునూలు రంగును పట్టుకోవడం చూశాం కదా. అలాగే రంగు అణువులు బొగ్గు రంధ్రాలలో అంటుకుపోతాయి. ఇదే అధిశోషణం. బొగ్గు ఎక్కువైతే కొంత ఆమ్లమూ పోతుంది కనుక కొలత ముఖ్యం. తర్వాత వడగట్టి, ఇగిర్చి, చల్లార్చితే తెల్లని స్ఫటికాలు!

ఈ బొగ్గును శనక్కాయ పొట్టుతోనూ చేయవచ్చు. చింతచెట్టూ శనక్కాయా రెండూ మన చేలల్లోనివే. అయినా రైతు చేతికి వచ్చేది నల్లపండు ధరే. మిత్రులారా, మనం ల్యాబులో నేర్చిన వడపోత మన పల్లెదాకా పోవద్దా?