మూడో నెల దాకా దాచండి, ఏఎన్‌ఎమ్ దగ్గర తప్ప

టాపిక్ చూసి "ఇది ఆడవాళ్ల విషయం కదా" అని పైకి స్వైప్ చేసే బ్యాచిలర్స్, ఒక్క నిమిషం ఆగండి. రేపు అర్ధరాత్రి 108కి ఫోన్ చేసి, అంబులెన్స్‌లో పక్కన కూర్చునేది మీరే. అప్పుడు డాక్టర్ అడిగే ప్రశ్నలకి గూగుల్ దగ్గర ఆన్సర్లు ఉండవు.

మన వైపు ఒక అలవాటు ఉంది. అమ్మాయి నెల తప్పితే మూడో నెల దాటేదాకా బయటికి చెప్పరు. దిష్టి తగులుతుందని, నిలుస్తుందో లేదో అని. మా పెద్దమ్మ అయితే "కడుపు కనపడకముందే కార్డేంట్రా" అంటుంది. నేను దీన్ని ఎగతాళి చెయ్యను. గర్భం పోయే ప్రమాదం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. పోయాక ఊరంతా వచ్చి పరామర్శిస్తుంటే తట్టుకోవడం ఇంకా కష్టం. కాబట్టి వీధిలో చెప్పకండి, చుట్టాలకీ చెప్పకండి. కానీ ఏఎన్‌ఎమ్‌కి చెప్పి, 12 వారాల్లోపే పేరు రాయించండి.

ఎందుకంత తొందర అంటే, బీపీతో మొదలుపెడతాను. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు నైట్ షిఫ్ట్‌లో సర్వర్లు చూసేవాళ్లం. ఒక సర్వర్ లోడ్ 70 శాతం చూపిస్తోంది. ఇది మామూలా, ప్రమాదమా? ఆ ఒక్క నంబర్ చూసి చెప్పలేం. నిన్న ఎంతుంది, మొన్న ఎంతుంది, అది కావాలి. కడుపుతో ఉన్న అమ్మాయి బీపీ కూడా అంతే. ఏడో నెలలో మొదటిసారి చూస్తే 140/90 వచ్చింది అనుకోండి. అది పెళ్లికి ముందు నుంచీ ఉన్న బీపీయా, గర్భం వల్ల కొత్తగా వచ్చిందా? 20 వారాల తర్వాత కొత్తగా పెరిగి, దాంతోపాటు మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అంటారే, అదే. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణాంతకం. పాత రీడింగ్ లేకపోతే డాక్టర్ చీకట్లో వెతుక్కోవాల్సిందే.

దీనికి మందులు లేవా అంటే ఉన్నాయి, చవకైనవే. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన మాగ్‌పై ట్రయల్ ఫలితాలు 2002లో వచ్చాయి. ఈ మందు ఇస్తే ఫిట్స్ ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేలింది. ఇంకోటి చిన్న మోతాదు ఆస్పిరిన్. రిస్క్ ఎక్కువున్న వాళ్లకి డాక్టర్లు ఇస్తారు, కానీ 16 వారాల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఐదో నెలలో తీరిగ్గా ఆస్పత్రికెళితే ఆ టైమ్ అప్పటికే దాటిపోయి ఉంటుంది. (దయచేసి నా వీడియో చూసి మెడికల్ షాపుకెళ్లి ఆస్పిరిన్ కొనకండి.)

డేట్ సంగతి కూడా ఇలాంటిదే. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో నెలలు లెక్క కడితే తేడా వారం లోపే ఉంటుంది. ఆఖరి నెలల్లో తీస్తే రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. నొప్పులు ముందే వచ్చినప్పుడు బిడ్డకి 33 వారాలా, 36 వారాలా అన్నది చాలా పెద్ద తేడా.

ఇక రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. ఏపీలోనూ సగానికి పైనే. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువుంటే తీవ్రం. పురుడప్పుడు ఎంతోకొంత రక్తం పోతుంది. ఒంట్లో సరిపడా ఉన్న మనిషి తట్టుకుంటుంది, 7 ఉన్న మనిషికి అదే ప్రాణం మీదకొస్తుంది. నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర, కనీసం 180 రోజులు. ఇస్తారు, తెచ్చుకుంటారు, కానీ చాలా ఇళ్లలో ఆ మాత్రలు టీవీ పక్కన డబ్బాలో ఉంటాయి. విరోచనం నల్లగా అవుతోందని భయపడి మానేస్తారు. అది ఐరన్ రంగు, కంగారక్కర్లేదు. టీతో వేసుకుంటే మాత్రం ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్ర కూడా అదే టైమ్‌లో వద్దు, వేరే పూట వేసుకోవాలి.

ఆ ఐరన్ మాత్రలోనే ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాని వెనక మనవాడు ఉన్నాడని తెలుసా? 1928 తర్వాత లూసీ విల్స్ అనే డాక్టర్ బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. యీస్ట్ సారంలో ఉన్న ఏదో పదార్థం వాళ్లని బాగుచేస్తోందని కనిపెట్టింది. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అయితే ఒక చిక్కు ఉంది. బిడ్డ వెన్నెముక, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి అందులో సగం రోజులు అయిపోతాయి. అందుకే పిల్లల్ని ప్లాన్ చేసుకుంటున్నప్పుడే డాక్టర్ని అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. మన దగ్గర పెళ్లి ఫొటోషూట్‌కి ఆరు నెలల ముందు నుంచి ప్లానింగ్ ఉంటుంది, దీనికి మాత్రం ఉండదు.

ఇంకొకటి, మన తెలుగిళ్లలో ప్రత్యేకంగా ఉండే సమస్య. తొలి కాన్పు పుట్టింట్లో. అత్తారు నక్కపల్లి, పుట్టిల్లు తుని అవతల అనుకోండి. ఏడో నెలలో సూట్‌కేస్‌తో పాటు ఆస్పత్రి కూడా మారిపోతుంది. కొత్త డాక్టర్‌కి ఈ అమ్మాయి గురించి ఏమీ తెలీదు. అప్పుడు మాట్లాడేది మాతా శిశు సంరక్షణ కార్డు ఒక్కటే. బీపీ, బరువు, హిమోగ్లోబిన్, షుగర్, బ్లడ్ గ్రూప్, అన్నీ అందులో ఉంటాయి. ఒరిజినల్ ఆమె దగ్గరుండాలి. ప్రతి చెకప్ తర్వాత ప్రతి పేజీ ఫొటో తీసి మొగుడి ఫోన్‌లో, పుట్టింట్లో ఒకరి ఫోన్‌లో పెట్టండి.

ప్రపంచం మొత్తం మీద 2023లో గర్భం, కాన్పు కారణాలతో సుమారు 2 లక్షల 60 వేల మంది తల్లులు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే రెండు నిమిషాలకి ఒకరు. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి దేశం సగటు 97, ఏపీ 45. "మనం బెటరే కదా" అనొచ్చు. కానీ కేరళ 19. మనం పోల్చుకోవాల్సింది ఆ 19తో అని నా అభిప్రాయం.

మన దేశంలో కనీసం 4 చెకప్‌లు అంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి 8 అంటోంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణుల్ని డాక్టర్ ఉచితంగా చూస్తారు. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని తోడుగా వెళ్లండి. గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత షుగర్ చూస్తారు, మధ్యలో ఇంటికి వచ్చేయకండి. మొదటి చెకప్‌లో బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చెయ్యాలి.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, రక్తం కనపడటం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా చూద్దాం అనొద్దు, 108కి చెయ్యండి. కార్డు చేతిలో పట్టుకుని ఎక్కండి.