నీడ కొలతే నీటి కొలత

షోలాపూర్ తూర్పు భాగంలోని దాజీ పేట్, తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీలు స్థిరపడిన నేత పేటల్లో ఒకటి. ఇళ్ళలో మరమగ్గాలు ఆడుతుంటే వాకిళ్ళలో స్త్రీలు బీడీలు చుట్టే ఈ ప్రాంతంలో వాకిలి నీడ పనిచోటు కూడా. సహ్యాద్రికి తూర్పున వర్షచ్ఛాయలో, అంటే కొండలు మేఘాలను అడ్డుకోవడం వల్ల వాన తగ్గే మేరలో ఉన్న షోలాపూర్‌కు ఏటా తక్కువ వర్షమే పడుతుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండ మిక్కుటమై నీరు కొరతగా ఉండే ఇలాంటి ఊళ్ళో, నీడ కోసం వేసే పందిరి చేతనే వాననూ పట్టించడం వివేకం.

ఒక చదరపు మీటరు మేర మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. ఇక్కడ లెక్కించవలసింది వాలుగా పరచిన రేకు పొడవును కాదు, దాని కింద కప్పబడే నేల విస్తీర్ణాన్ని. షోలాపూర్‌లో మే రెండో వారంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు గనుక, ఆ వేళ పందిరి కింద పరుచుకునే నీడే దాని జలగ్రహణ విస్తీర్ణం, అనగా వాననీటిని పట్టే మేర. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల పందిరి మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే, చింది, ఆవిరై పోయే ఐదో వంతును తీసివేసినా 240 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు పదహారు, చేతికందుతాయి.

ఆకారం విషయంలో మెక్సికో వాస్తుశిల్పి ఫెలిక్స్ కాండేలా 1950లలో కట్టిన కాంక్రీటు గొడుగులు మంచి పాఠం చెబుతాయి. వాటి కప్పు అంచుల నుంచి నడిమికి వాలి, నీటిని స్తంభం లోపలి గొట్టం గుండా కిందికి దింపుతుంది. ఇరుకు వీధిలో ఈ పద్ధతి వల్ల చూరు నీళ్ళు పొరుగువారి గోడ మీద పడవు. గుడ్డ కప్పు వేస్తే వాలు తగినంత ఉండాలి. ఎందుకంటే ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు లోతున నిలిచిన నీరే పది కిలోల బరువు తూగుతుంది, ఆ బరువుకు గుడ్డ ఇంకా కుంగి మరింత నీటిని నిలుపుకొంటుంది. కప్పును కింది నుంచి ఎత్తివేయజూసే ఈదురుగాలికి తట్టుకునేలా స్తంభాలను పునాదిలో బిగించాలి.

మగ్గాల నూలు నూగు, వీధి దుమ్ము కప్పు మీద పేరుకుంటాయి కనుక తొలి రెండు మిల్లీమీటర్ల వానను, ఈ పందిరికైతే సుమారు 24 లీటర్లను, వేరే గొట్టంలోకి మళ్ళించి వదిలేయాలి. ఆ తర్వాతి నీటిని జల్లెడ గుండా మూత ఉన్న తొట్టిలోకి పంపితే దోమలు చేరవు. తొలి వానను వదిలేశాక కూడా వెయ్యి లీటర్ల తొట్టి 25 మిల్లీమీటర్ల వానలు ఐదు కురిస్తే నిండుతుంది, పొర్లినది ఇంకుడు గుంతకు చేరుతుంది. శుద్ధి చేయనిదే ఈ నీటిని తాగరాదు. బట్టలుతకడానికి, ఇల్లు కడగడానికి వాడుకుంటే కుళాయి నీరు తాగడానికి మిగులుతుంది.

కనుక పందిరి వేయదలచిన ఇంటివారు స్తంభాలు నాటే ముందే వాలు ఎటు, గొట్టం ఎక్కడ, తొట్టి ఏ మూల అన్నవి నిర్ణయించుకోవాలి. అప్పుడు మేలో బీడీలు చుట్టే చేతులకు నీడనిచ్చిన కప్పే, సెప్టెంబరులో ఆ ఇంటి బిందెలు నింపుతుంది.